ఉక్కుగువ్వ ఆఖరి సీను

ఆ బేకరీలో అక్కను అక్కా అని పిలవనివాళ్ళు లేరు. పొయ్యి దగ్గరుండే మాస్టారు ఆమెకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఆయనకూ అక్కే. అక్కకు తమ్ముడు కాబట్టి వాడు ఊరందరికీ తమ్ముడైపోయాడు. కేకుల మీద క్రీముతో పూలు వేసే అమ్మాయి మాత్రం, తను వాడికంటే చిన్నదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా 'తమ్ముడుగారూ' అంటుంది. ఆ 'గారూ' వినబడిందంటే చాలు, తమ్ముడికి నవ్వు ఆగదు.

తమ్ముడి పని పిండి కలపడం. అంతకుముందు ఇదే బేకరీ వ్యాను నడిపేవాడు. మూడేళ్ళ కిందట వాడికి జ్వరం వచ్చింది. అది తలకెక్కి, నానా యాగీ చేసి, పోతూ పోతూ చూపు కూడా పట్టుకుపోయింది. కంటి వెనక నరం చచ్చిపోయిందన్నారు డాక్టర్లు. వ్యాను తాళాలు బావ చేతికి వెళ్ళాయి. బావ అంటే నిజం బావేమీ కాదు. అందరినీ ఆటపట్టిస్తూ తిరుగుతాడు కాబట్టి జనం పెట్టిన పేరది. తమ్ముడు పిండి తొట్టి దగ్గరికి వచ్చాడు. మొదట్లో పిండి సగం తొట్టిలో, సగం నెత్తిన ఉండేది. ఇప్పుడు వాడు కలిపిన పిండికి మాస్టారు కూడా వంక పెట్టడు, మాస్టారు వంక పెట్టనిదంటూ లోకంలో ఉంటే అదొక్కటే.

వీళ్ళందరినీ కట్టిపడేసింది ఉక్కుగువ్వ. అది పక్షి కాదు, సినిమా హీరో. ఉక్కు రెక్కలు తగిలించుకుని ఆకాశంలో తిరుగుతూ, కూలిపోయే వంతెనల్ని భుజాన మోసే మనిషి. మూడో సినిమా చివర్లో జరిగిన పేలుడులో అతని కళ్ళు పోయాయి. తమ్ముడికీ ఆ ఏడే కళ్ళు పోయాయి. ఆ సినిమాకి తమ్ముణ్ణి తీసుకెళ్ళినందుకు అక్క ఇంటికొచ్చి తల బాదుకుంది గానీ, వాడు మాత్రం వారం రోజులు ఆ గువ్వ గురించే మాట్లాడాడు. జ్వరం తగ్గాక వాడు అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

అప్పుడే వాళ్ళిద్దరి మధ్యా ఒక పద్ధతి ఏర్పడింది. థియేటర్లో గోడవారగా ఉన్న చివరి రెండు సీట్లు తీసుకుంటారు. అక్క ఎడమపక్కన కూచుని, మాటకీ మాటకీ మధ్య సందు దొరికినప్పుడల్లా తెర మీద జరిగేది వాడి చెవిలో చెబుతుంది. మొదట్లో ఆమెకు చేతనయ్యేది కాదు. "పాపం, ఎంత బాధపడుతున్నాడో" అనేది. తమ్ముడు విసుక్కునేవాడు.

"పాపమో కాదో నేను చూసుకుంటాలే. నీకు కనబడింది చెప్పు, అనిపించింది చెప్పకు."

అదే వాడు పెట్టిన ఒకే ఒక షరతు. అక్క దాన్ని ఇంట్లోనూ, వీధిలోనూ, బేకరీలోనూ పాటించింది. ఆకాశం మబ్బుగా ఉంటే మబ్బుగా ఉందని, వాడి చొక్కా మీద మరక ఉంటే ఉందని, బస్సులో ఎవరైనా వాణ్ణే తేరిపార చూస్తుంటే చూస్తున్నారని చెప్పేది. వాడు లోకాన్నంతా ఆ గొంతులోంచే చూశాడు.

నాలుగో సినిమా విడుదలైన శుక్రవారం, ఇద్దరూ పని ముగించుకుని సాయంత్రం ఆటకి పరుగెత్తారు. ఈసారి గువ్వ గుడ్డిగానే ఎగురుతాడు. రెక్కలు బాగుచేసే ఒక మెకానికమ్మ చెవిలో చిన్న యంత్రం ద్వారా దారి చెబుతుంటుంది. ఎడమకి తిరుగు, దిగు, ముందు గోడ ఉంది ఆగు. తెర మీద ఆమె చెబుతుంటే ఇక్కడ అక్క చెబుతోంది. ఇంటర్వెల్లో తమ్ముడు, "ఆ మెకానిక్‌కీ నీకూ ఏదో చుట్టరికం ఉందే" అని ఏడిపించాడు. అక్క పొంగిపోయింది, పైకి మాత్రం "చాల్లే" అంది.

అంతా బాగానే నడిచింది. ఆఖరి సీను వచ్చింది. అందులో ఒక్క మాటా లేదు, చెవులు చిల్లులు పడే సంగీతం తప్ప. కూలిన మేడ పైకప్పు మీద గువ్వ వెల్లకిలా పడి ఉన్నాడు, పక్కన మెకానికమ్మ. అతని రెక్కలకి శక్తినిచ్చే నీలిరాయి పగిలి, అందులోంచి వెలుగు వచ్చి అతని రెప్పల మీద పడింది. అతను కళ్ళు తెరిచాడు. చూస్తున్నాడు. తెర నిండా ఆ రెండు కళ్ళే, తళతళలాడుతూ. జనం లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు.

"ఏమైంది?" అన్నాడు తమ్ముడు.

అక్క నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

"ఏమైందే? ఎందుకంత గోల?"

"కళ్ళు తెరిచాడు," అంది అక్క. ఆ తర్వాతి మాట బయటికి రాలేదు. దాని బదులు ఇంకో మాట వచ్చింది. "ఏమీ కనబడట్లేదు. లేచాడు. మెకానిక్ చెయ్యి ఇచ్చింది. గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతున్నాడు. వీధిలోకి వచ్చాడు. జనం చప్పట్లు కొడుతున్నారు."

తమ్ముడు కదలకుండా విన్నాడు. లైట్లు వెలిగాక వాడి ముఖం చూసి అక్కకు భయమేసింది, అంత వెలుగు ఉంది అందులో.

"అలాగే ఉండిపోయాడా? కళ్ళు లేకుండానే?"

"ఊ."

"శభాష్," అన్నాడు తమ్ముడు, ఎవరితోనో కాదు, తనలో తాను.

దారి పొడవునా అదే మాట. గువ్వ గోడ ఏ చేత్తో పట్టుకున్నాడని తమ్ముడు అడిగాడు. కుడిచేత్తో అంది. మెట్లు ఇనపవా, సిమెంటువా అని అడిగాడు. సిమెంటువి అంది. ఒకసారి మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలో అక్కకు తెలియలేదు. వాడికి మంచే చేశానని మనసుకి నచ్చజెప్పుకుంది. ఇంకొకడికి కళ్ళు రావడం విని వాడు కుమిలిపోకుండా కాపాడాననుకుంది. బేకరీవాళ్ళు ఆదివారం గానీ సినిమాకి వెళ్ళరు కదా, ఈలోగా వాళ్ళతో ఒక మాట చెప్పి పెట్టొచ్చనుకుని హాయిగా నిద్రపోయింది. మాస్టారూ, బావా, క్రీమమ్మాయీ ముగ్గురూ ఆగలేక ఆ తర్వాతి ఆటకే వెళ్ళొచ్చారని ఆమెకేం తెలుసు!

శనివారం మధ్యాహ్నం పిండి కలిపి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టారు. అది పొంగేదాకా బేకరీలో ఎవరికీ పని ఉండదు. బోర్లించిన ట్రేల మీద కూచుని కబుర్లు చెప్పుకునే వేళ అది. అక్క ఒక్కతే బ్రెడ్డు ముక్కలు కోసే యంత్రం దగ్గర ఉంది. దాని రొదలో తమ్ముడి మొదటి మాట వినబడలేదు. యంత్రం ఆపేసరికి వ్యవహారం నడుస్తోంది.

"ఎండింగా? చెవిలో పువ్వు పెట్టారు," అంటున్నాడు మాస్టారు. "టికెట్టు చింపినప్పుడే పువ్వు కూడా చేతికిచ్చేస్తే, మనమే పెట్టుకునేవాళ్ళం."

వీళ్ళు అప్పుడే చూసేశారా అనుకుంది అక్క.

"అదేంటి మాస్టారూ! నాలుగు సినిమాల్లోనూ నమ్మేలా ఉన్నది అదొక్కటే," అన్నాడు తమ్ముడు.

"నమ్మేలా ఉందా? లోకంలో ఎవరికైనా అలా జరుగుతుందా?"

"ఎవరికో ఎందుకు? నాకు జరగలేదూ?"

ముగ్గురూ తమ్ముడి ముఖంలోకి చూశారు. క్రీమమ్మాయి వాడి కళ్ళ ముందు మెల్లగా చెయ్యి ఆడించింది. ఏమీ మారలేదు.

"నీకు... ఎప్పుడు జరిగింది తమ్ముడూ?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"మూడేళ్ళయింది కదా బావా. అప్పుడే మర్చిపోయావా? నీ వ్యాను తాళాలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు?"

బావకి ఏమీ అర్థం కాలేదు. అయినా వాదనలో వెనక్కి తగ్గడం అతని ఇంటావంటా లేదు. "అది వేరు, ఇది వేరు. ఎంత సినిమా అయితే మాత్రం, అంత తేలిగ్గా అయిపోవాలా?"

"తేలికంటావేంటి! గోడ పట్టుకుని అన్ని మెట్లూ తడుముకుంటూ దిగితే, అది తేలికా?"

"గోడేంటి?" అంది క్రీమమ్మాయి.

యంత్రం వెనక నుంచి అక్క చేతులు ఊపింది. నోటి మీద వేలు పెట్టుకుంది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వాళ్ళు ముగ్గురూ ఆమెను చూశారు, తమ్ముణ్ణి చూశారు, మళ్ళీ ఆమెను చూశారు. సంగతి ముందు క్రీమమ్మాయికి వెలిగింది.

"ఆ... గోడ! గోడ ఉంది కదా," అంది. "పెద్ద గోడే."

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, సాయం చెయ్యడం మొదలుపెడితే ఎక్కడా ఆగరు. జన్మలో ఒక్క అబద్ధం ఆడి ఎరగని మాస్టారు, నుదుటి చెమట తుడుచుకుని, "దిగాడు దిగాడు. దిగుతూ పడ్డాడు కూడా," అన్నాడు.

"పడ్డాడా?"

"పడితే కుక్క వచ్చి లేపింది," అన్నాడు బావ.

అక్క నెత్తి కొట్టుకుంది.

"కుక్కా?" అన్నాడు తమ్ముడు. "ఏ రంగు?"

"నల్లది," అన్నాడు బావ. "తెల్లది," అంది క్రీమమ్మాయి. రెండూ ఒక్కసారే వినబడ్డాయి.

తమ్ముడి ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గిపోవడం అక్కకు దూరం నుంచే కనబడింది.

"మా అక్క కుక్క సంగతి చెప్పలేదే," అన్నాడు చివరికి. లేచి, తొట్టి దగ్గరికి వెళ్ళి, తడిగుడ్డ తీసి, ఇంకా పొంగని పిండిలో చేతులు పెట్టాడు. "ఇంకాసేపు ఆగాలి" అని మాస్టారు అనబోయి నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు రోజూ తమ్ముడి చెయ్యి అక్క భుజం మీద ఉంటుంది. ఆ రోజు వాడు వీధి గోడ పట్టుకుని నడిచాడు. అక్క పక్కనే నడుస్తూ, "స్తంభం ఉందిరా" అంది. వాడు నమ్మనట్టుగా చెయ్యి చాపి తడిమి చూసుకున్నాడు. స్తంభం ఉంది.

ఇంటికి వెళ్ళాక కుర్చీలో కూచుని అడిగాడు.

"వాడికి కళ్ళొచ్చాయి కదూ?"

"ఊ," అంది అక్క.

"ఇంకేమేం మార్చావు?"

"ఇంకేం లేదురా. ఒట్టు."

"ఎదురింటి డాబా మీద తీగ పూసిందన్నావు."

"పూసిందిరా."

"నాకు బట్టతల రాలేదన్నావు."

"రాలేదు."

"నిజమే చెప్తున్నావని నాకెలా తెలుస్తుందక్కా?"

వాడు కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే అక్క కూడా నాలుగు మాటలు అని, ఏడ్చి, ఆ రాత్రికి తేల్చేసుకునేది. నిజంగా తెలుసుకోవాలనుకునేవాడిలా అడిగాడు. అక్క లేచి వెళ్ళి అన్నం వడ్డించింది.

అప్పట్నుంచి వాడు అక్కను అడగడం మానేశాడు. గడ్డం సరిగ్గా గీసుకున్నానా అని క్రీమమ్మాయిని అడిగాడు. చొక్కా మీద పిండి ఉందా అని మాస్టారుని అడిగాడు. రేకుల మీద టపటపా చినుకులు పడుతుంటే, "వాన పడుతోందా బావా?" అని అడిగాడు. బావ నమ్మకంగా "పడుతోంది" అన్నాక గానీ తల ఊపలేదు. అక్క బ్రెడ్డు ముక్కలు కోస్తూ అన్నీ వింటోంది. ఏ పాపమూ ఎరగని క్రీమమ్మాయి మీద ఊరికే చిరచిరలాడింది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు, పైగా వెళ్తూ వెళ్తూ మిగిలిన క్రీము గిన్నె అక్క దగ్గర పెట్టి వెళ్ళింది. అక్క దాన్ని ముట్టుకోలేదు. తమ్ముడు తనను తిట్టినా భరించగలదు, తన కళ్ళని పక్కన పెట్టేస్తే ఎలా? మూడేళ్ళుగా ఆమె తన కోసం దేన్నీ చూడలేదు. వీధిలో ఏ కొత్త బోర్డు కనబడినా, ఏ పిల్లి ఏ గోడ దూకినా, వాడికి చెప్పడం కోసమే చూసింది. ఇప్పుడు చూసినవన్నీ చెప్పుకునే దిక్కు లేక అలాగే ఉండిపోతున్నాయి.

మంగళవారం పొద్దున కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈయన కొత్తాయన, చాలా పేరున్నవాడని విని అక్క నెల రోజుల ముందే సమయం తీసుకుంది. వాడి చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. వాడు పక్కనే కూచుని ఆ చొక్కా బొత్తాలు వేళ్ళతో తడుముతున్నాడు గానీ తొడుక్కోవడం లేదు.

"ఆలస్యమైపోతోందిరా."

"నేను రాను."

"ఈయన చాలా మంచి డాక్టరంట. కొత్త పరీక్ష ఏదో ఉందంట."

"అందరూ మంచి డాక్టర్లే అక్కా. అందరి దగ్గరా ఏదో ఒక కొత్త పరీక్ష ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను వచ్చింది నీకోసం."

"నాకోసమా?" అక్క చేతిలో సంచీ మంచం మీద పడింది. "కళ్ళు నీవి. నాకోసం ఏంట్రా?"

"బయట బెంచీ మీద కూచున్నప్పుడు నీ కాలు అదురుతుంది. బెంచీ మొత్తం కదులుతుంది, తెలుసా? లోపలికి వెళ్ళి రాగానే ఆగిపోతుంది. ఇంటికొచ్చి స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడుస్తావు. కొన్నాళ్ళకి మళ్ళీ ఇంకో డాక్టరు పేరు పట్టుకొస్తావు. నీ ఆశ నేనెందుకు తుంచాలి, నువ్వు ఆపేదాకా వద్దాంలే అనుకున్నాను. నేను ఎదురుచూడటం ఎప్పుడో మానేశాను అక్కా. నాకు పిండి కలపడం బాగుంది. మాస్టారు సణుగుడు బాగుంది. నేను బాగానే ఉన్నాను."

అక్క మంచం మీద కూలబడింది. ఆ మాటలకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఏడ్చింది.

"ఆ సినిమా చూసొచ్చాక నాకు ఎంత సంతోషమేసిందో నీకు తెలుసా?" అన్నాడు తమ్ముడు. "కళ్ళు లేకపోయినా వాణ్ణి హీరోగానే ఉంచారనుకున్నాను. అదంతా నువ్వు అల్లిందే. ఇంకొకడికి కళ్ళొస్తే నేను ఓర్చుకోలేననుకున్నావు కదూ? నన్ను అంత చిన్నవాణ్ణి చేశావేంటే?"

"కాదురా," అంది అక్క.

"మరి?"

మరి ఎందుకు? నాలుగు రోజులుగా అక్క తనకి తాను చెప్పుకున్నది అదే, వాడు కుమిలిపోతాడని. ఇప్పుడు వాడే ఆ మాట అంటే, అది నిజం కాదని ఆమెకు తెలిసింది. ముక్కు చీదుకుని, దేన్నీ దాచకుండా చెప్పేసింది.

"నేను ఓర్చుకోలేకపోయానురా. 'కళ్ళొచ్చాయి' అన్న మాట నీకోసం దాచిపెట్టుకున్నాను. ఏదో ఒక రోజు ఏ డాక్టరు గదిలోంచో బయటికొచ్చి, ఆ బెంచీల మీదున్న వాళ్ళందరికీ వినబడేలా అరవాలని. బేకరీకి ఫోన్ చేసి చెప్పాలని. కళ్ళలో వత్తులు వేసుకుని ఆ మాట కోసం చూస్తుంటే, ఆ రెక్కలోడు ఎవడో వచ్చి ముందు పట్టుకుపోయాడు. వాడి గురించి ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

బయట ఎవరిదో సైకిలు బెల్లు మోగి వెళ్ళిపోయింది. తమ్ముడు చెయ్యి చాపి వెతికాడు. ముందు సంచీ దొరికింది, తర్వాత అక్క మోచెయ్యి దొరికింది.

"పిచ్చక్కా," అన్నాడు. "నేనూ ఆ మాట కోసం చూశాను కొన్నాళ్ళు. రాదని తెలిశాక నాకు హాయిగా ఉంది. నీకే నేను చెప్పలేదు, అంతే."

ఆ రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. అక్క ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. ఎప్పుడు వస్తారని అవతల వాళ్ళు అడిగితే, "ఇంక రాము" అంది. ఫోన్ పెట్టేశాక, ఇంట్లో ఎవరో ప్రయాణమై వెళ్ళిపోయినంత వెలితిగా అనిపించింది ఆమెకి. తమ్ముడు ఆ ఇస్త్రీ చొక్కానే తొడుక్కుని పనికి బయల్దేరాడు.

గుమ్మం దగ్గర ఆగి అన్నాడు. "ఆదివారం మళ్ళీ వెళ్దాం సినిమాకి. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్తానురా."

"కుడిచెవి దగ్గర బావను కూచోబెడతాను."

"నా మీద నమ్మకం లేదా?"

"లేక కాదు," అన్నాడు తమ్ముడు. కాసేపు ఆలోచించాడు. "అంటే, కొంచెం లేకే."

ఆదివారం బేకరీ అంతా కదిలింది. మాస్టారు, 'ఇంత నమ్మలేని సినిమాకి రెండోసారి వచ్చేవాణ్ణి నన్ను తప్ప చూపించండి' అని సణుగుతూనే అందరికంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. గోడవారగా అక్క, పక్కన తమ్ముడు, వాడికి అవతల బావ, వెనక వరసలో మాస్టారూ క్రీమమ్మాయీ.

బావలాగా సినిమా చెప్పేవాడు పగవాడికి కూడా వద్దు. "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు ఏమవుతుందో!" అంటాడు, అయ్యాక ఏమైందో చెప్పడు, తానే నోరు తెరుచుకుని చూస్తుంటాడు. రెండు వంతెనలు కూలిపోయాయి, ఒక్కటీ తమ్ముడిదాకా రాలేదు. విమానం వచ్చినప్పుడు అది ఏ కంపెనీదో వాదించడంలో పడి, అది గుద్దుకున్న సంగతి చెప్పడం మర్చిపోయాడు. తమ్ముడు మెల్లగా తల ఎడమవైపుకి వాల్చాడు. అక్క చెబుతూనే ఉంది, పొడి పొడి మాటల్లో, ఒక్కటి కూడా ఎక్కువ లేకుండా.

ఆఖరి సీను వచ్చింది. సంగీతం మొదలైంది.

"పైకప్పు మీద పడి ఉన్నాడు," అంది అక్క. "మెకానిక్ పక్కన మోకాళ్ళ మీద కూచుంది. రాయి పగిలింది. వెలుగు ముఖం మీద పడింది. కళ్ళు తెరిచాడు."

ఆగింది. తమ్ముడు ఆమెను అడగలేదు. కుడివైపుకి తిరిగి, "బావా, ఏమైంది?" అన్నాడు. బావ అప్పటికే భోరుమంటున్నాడు. లోకాన్నంతా ఆటపట్టించే మనిషి చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంటూ, "నావల్ల కాదు నాయనా, మీ అక్కనడుగు," అన్నాడు.

తమ్ముడు ఎడమవైపుకి తిరిగి కూచున్నాడు. తొందరపెట్టలేదు. తెర మీద వెలుగు వాడి ముఖం మీద పడుతోంది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎక్కడో చూస్తున్నట్టు, ఎక్కడా చూడనట్టు. అక్క వాటికేసి చూసింది. అవి ఎప్పటికీ అలాగే ఉంటాయి. ఆ సంగతి ఆమెకు అందరు డాక్టర్లూ చెప్పారు, ఆమె వినడం మాత్రం ఇదే మొదటిసారి.

"కళ్ళొచ్చాయి," అంది.

సంగీతం హోరులో తన గొంతు తనకే వినబడలేదు. అందుకని ఇంకొంచెం గట్టిగా అంది. "కళ్ళొచ్చాయిరా. వాడికి కళ్ళొచ్చాయి!"

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూస్తే చూశారు. మాట బయటికి వచ్చేసింది, ఏమీ కూలిపోలేదు. తమ్ముడి చెయ్యి అక్క చేతి మీద ఉంది.

"తర్వాత?" అన్నాడు.

"లేచి నిలబడ్డాడు. తన చేతులు చూసుకుంటున్నాడు. ఆకాశంలోకి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు. రెక్కలు విప్పాడు."

"మెకానికమ్మ ఏది?"

"అక్కడే ఉంది. వెనకాల నిలబడి ఉంది."

"ఊ."

"ఎగిరాడు. పైకి వెళ్ళిపోతున్నాడు. చిన్న చుక్కలా అయిపోయాడు. అయిపోయింది. పేర్లు పడుతున్నాయి."

తమ్ముడు ముఖం చిట్లించాడు.

"ఆగాగు. ఆవిడ వైపు చూశాడా?"

"ఎవరు?"

"గువ్వ. కళ్ళొచ్చాక, ఇన్నాళ్ళూ దారి చెప్పిన మనిషి ముఖం ఎలా ఉందో, ఒక్కసారైనా తిరిగి చూశాడా?"

అక్క గుర్తు తెచ్చుకుంది. రెండుసార్లు చూసినా ఆ సంగతి ఆమె గమనించలేదు.

"లేదురా. చూడలేదు."

"నిజంగా?"

"నిజంగా. ఆకాశమే చూశాడు."

"అయితే నేను నమ్మను," అన్నాడు తమ్ముడు. థియేటర్ సగానికి వినబడేంత గట్టిగా అన్నాడు. "కళ్ళు రావడం వస్తాయి, సినిమా కదా. కానీ కళ్ళొచ్చినవాడు ముందు అటు తిరక్కుండా ఎగిరిపోతాడా? ఎవడు రాశాడో గానీ వాడికేమీ తెలీదు."

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నాను!" అన్నాడు మాస్టారు వెనక నుంచి. ఆయన మొత్తుకున్నది అది కాదు, అయినా ఎవరూ కాదనలేదు. క్రీమమ్మాయి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. తమ్ముడు అక్క భుజం కోసం చెయ్యి చాపాడు. అక్క వెక్కుతోంది, కళ్ళనిండా నీళ్ళు.

"పదక్కా. దారిలో ఎవరైనా ఉన్నారా?"

"ఏమోరా," అంది అక్క. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి అలాగే చెప్పింది. "ఇప్పుడు నాకేమీ కనబడట్లేదు."

తమ్ముడు నవ్వాడు. ఆమె చెయ్యి తీసుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. పాదంతో మొదటి మెట్టు అంచు వెతికి పట్టుకున్నాడు.

"మెట్టు," అన్నాడు. "ఇంకో మెట్టు. మెల్లగా రా."